ముక్కెత్తిన కాటా

"ముక్కు ఎక్కడుంది?" అని అడిగాడు మామగారు.

"పైనే ఉంది," అంది కోడలు.

"ఇంకా పైనేనా?"

"పైనే మావయ్యగారూ. కిందికి దిగి రావే తల్లీ అని బతిమాలుతున్నాను, వినడం లేదు."

మామగారు కుర్చీలోంచి విసురుగా లేవబోయి, కంటికట్టు గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు. ఆపరేషనైన కంటి మీద తెల్లటి కట్టుంది. రెండో కన్ను ఎప్పటినుంచో వెలుగునీ చీకటినీ తప్ప దేన్నీ పట్టించుకోవడం మానేసింది. ఊళ్ళో అందరూ కాటా మేస్త్రి అని పిలుచుకునే మనిషికి తన షెడ్డులో కాటా ఏం చూపిస్తోందో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టింది.

ముక్కంటే ఆ ఇంట్లో కాటా ముక్కే. బరువు పెట్టే బల్లకి పైనున్న ఇత్తడి కడ్డీ కొసకి మేస్త్రి పెట్టుకున్న పేరది. ఎక్కించిన బరువుకీ కడ్డీ మీద జరిపిన గుండుకీ పొత్తు కుదిరితే ముక్కు నడిమధ్యన నిలబడి సన్నగా ఊగుతుంది. ఇప్పుడు బల్ల మీద ఇరవై కిలోల ఇనపరాళ్ళు ఇరవై ఐదున్నాయి. గుండు ఐదొందల గీత మీద బుద్ధిగా కూర్చుంది. ముక్కు మాత్రం గుండుని ఇంకో కిలో ముందుకి జరిపితే గానీ దిగనని భీష్మించుకుంది.

"మొన్న సరిచేసినప్పుడు సరిగ్గా నిలబడిందన్నావు."

"నిలబడింది. మీ వేలు పట్టుకుని ముక్కుకి ఆనించాను కూడా. మీరే అన్నారు, ఊగుతోందని."

"ఊగింది. కాదనను." మామగారు గడ్డం గోక్కున్నాడు. "మరి ఇంతలో దానికేం పుట్టింది? ఉక్కు అంచులు సానపట్టేటప్పుడు నీ చెయ్యి తొందరపడిందేమోనమ్మా."

ఆ మాట ఆయన మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది, ఇద్దరికీ తేలికపడేది.

ఆ కాటా సబ్బుల ఫ్యాక్టరీలో మూలపడి ఉన్నది. తుప్పు తప్ప ఇంకేమీ కనిపించని స్థితిలో ఇంటికొచ్చింది. ఆమె దాన్ని ముక్క ముక్క విడదీసింది, కిరసనాయిలులో నానబెట్టింది, బరువంతా మోసే ఉక్కు అంచుల్ని కొత్తగా సానపట్టి కూర్చింది. మామగారు పక్కన కూర్చుని చప్పుడు విని సలహా చెప్పాడే తప్ప ఒక్క మర కూడా ముట్టుకోలేదు. మొదటినుంచి చివరిదాకా తన చేత్తో పూర్తిచేసిన మొదటి కాటా అది. పూర్తయిన రోజున ఆమె దానికి నీలం రంగు వేసి, చుట్టూ తిరిగి చూసుకుని, ఎవరూ లేనప్పుడు ఒక ముద్దు కూడా పెట్టింది. ఆ సంగతి కాటాకీ ఆమెకీ తప్ప మూడోవాళ్ళకి తెలియదు.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. భర్త వచ్చాడు. చేతులకి తెల్లటి తొడుగులు, మెడలో తుడుచుకునే గుడ్డ. గోడకేసి చూస్తూ అన్నాడు.

"అమ్మా, రాళ్ళ పని అయిపోయిందేమో కనుక్కో. నాకు వరండాలో కావాలి."

అమ్మ అక్కడ లేదు. వంటింట్లో ఉంది. ఉన్నది భార్యే, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"అత్తయ్యా," అంది కోడలు కాటాకేసి చూస్తూ, "ఇంకా అవలేదని చెప్పండి."

"అమ్మా, పాతసామాన్ల కొట్టులో పని ఎప్పటికీ అవదని నాకు తెలుసని చెప్పు."

"అత్తయ్యా, మొన్న అలమర మీది డబ్బా అందక స్టూలు కింద నాలుగు పాతసామాన్లు పేర్చుకుని ఎక్కింది ఎవరో ఒకసారి గుర్తుచెయ్యండి."

"మీ ఇద్దరి మధ్య నా చెవులు తుప్పు పడుతున్నాయిరా!" అని మామగారు కసిరాడు. "మాట్లాడుకోవాలంటే సరిగ్గా మాట్లాడుకోండి. లేదంటే నోళ్ళు మూసుకోండి."

ఇద్దరూ రెండోదే ఎంచుకున్నారు.

వారంగా ఇదే వరస. ఈ ఇంట్లో ఇక కొత్త ఎలక్ట్రానిక్ కాటాలే అమ్మాలని కొడుకు, బాగుచేస్తే ఇంకో మనిషి జీవితకాలం పనిచేసే ఇనుముని చెత్తలో పారేయడం పాపమని తండ్రి నలుగురిలో గొంతులు చించుకున్నారు. మధ్యలో కోడలు "మావయ్యగారు చెప్పింది నిజమే" అంది. అంతే. ఆ మాటకి అతని మొహం మాడిపోయింది. అప్పటినుంచీ అతను భార్యతో చెప్పాల్సిన ప్రతి మాటా తల్లి మీదుగానే పంపుతున్నాడు. తల్లి పక్కన లేకపోయినా సరే.

ఆ గొడవలోనే మేస్త్రి మాటిచ్చేశాడు. సబ్బుల ఫ్యాక్టరీ మేనేజరమ్మ వచ్చి చూసినప్పుడు ఈ పాతది సరిగ్గా తూగితే, ఆవిడ దగ్గరున్న పాత కాటాలన్నీ బాగుకోసం ఈ షెడ్డుకే వస్తాయి. తూగకపోతే అవన్నీ పాత ఇనుము కింద పోతాయి, వాటి చోట కొడుకు అమ్మే కొత్తవి కూర్చుంటాయి. అలాగే జరిగితే షెడ్డు తాళంచెవి తన చేత్తోనే కొడుక్కి ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడడం తప్ప ఆయనకి వేరే కూర్చునే పద్ధతి తెలియదు.

మేనేజరమ్మ రావాల్సింది ఇవాళే.

వరండాలో కొడుకు తెచ్చిన కొత్త కాటా పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. నిన్న సాయంత్రం ఈ రాళ్ళే తీసుకెళ్ళి, దాని మీద పేర్చి, ఇదీ ఐదొందలంటే అని దానికి మీట నొక్కి నేర్పించాడు. అప్పటినుంచీ అది ఈ రాళ్ళు పెట్టగానే ఎర్రటి అంకెల్లో ఐదొందలని టక్కున ఒప్పచెబుతోంది. ఒక్క గ్రాము కూడా తేడా లేదు.

"సరే, దించెయ్యమ్మా," అన్నాడు మామగారు చివరికి. "ఆవిడ వచ్చాక మళ్ళీ ఎక్కిద్దాం. వాడి చేతిలో ఓడిపోయినా ఫరవాలేదు, నా కొడుకేగా. కాటా చేతిలో ఓడిపోయానంటేనే నాకు మింగుడుపడదు."

భర్త ఏదో అనబోయి, మెడలో గుడ్డ సవరించుకుని వెళ్ళిపోయాడు. మామగారు కర్ర పట్టుకుని, కాళ్ళు కడుక్కోవాలంటూ పెరట్లోకి వెళ్ళాడు.

కోడలు రాళ్ళు దించడం మొదలుపెట్టింది. రాయిని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదని, చేతి చెమట ఇనుముకి పట్టకూడదని ఆ షెడ్డులో కట్టడి. అందుకని కొక్కెంతోనే ఎత్తుతుంది. మొదటి వరస దిగింది. రెండో వరసలో ఒక రాయిని ఎత్తబోతే కింది రాయి కూడా వెంట లేచింది.

ఆమె ఆగింది. కొక్కెం విదిలించింది. రెండు రాళ్ళూ కౌగిలించుకున్నట్టు అతుక్కునే ఉన్నాయి. గట్టిగా లాగితే చిట్లిన చప్పుడుతో విడిపోయాయి. విడిపోయిన చోట నల్లగా జిగురు సాగింది.

కట్టడి పక్కనపెట్టి వేలితో తాకింది. వేలు నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

రంగు!

రెండు రోజులుగా షెడ్డంతా నీలం రంగు వాసనే కాబట్టి ఇంకో రంగు వాసన ఎవరి ముక్కుకీ తగల్లేదు. రాళ్ళు మొదటినుంచీ నల్లవే. కొంచెం నిగనిగలాడుతుంటే ఎవరో నూనెగుడ్డతో తుడిచారనుకుంది గానీ, ఇలా మందంగా, కారిన చోట కన్నీటిబొట్ల ఆకారంలో గడ్డకట్టి, అడుగున ఇంకా ఆరకుండా... ప్రతి రాయి నెత్తినా ఉండాల్సిన సీసం బిళ్ళ, దాని మీది సర్కారు ముద్ర, ఏవీ కనిపించడం లేదు. రంగు కింద హాయిగా నిద్రపోతున్నాయి.

రాళ్ళే బరువెక్కాయి. కాటా నిజమే చెబుతోంది!

ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. తన చెయ్యి తొందరపడలేదు. ఉక్కు అంచులు చెడలేదు. రాళ్ళ మీద రంగు పడకముందు సరిచేసింది కాబట్టి తన కాటా ఈ ఇంట్లో అందరికంటే నిజాయితీగా ఉంది. రంగు పడ్డాక నేర్చుకున్నది కాబట్టి వరండాలోని పెళ్ళికొడుకే తప్పు పాఠం అప్పచెబుతున్నాడు.

"మెరుస్తున్నాయి కదూ?"

గుమ్మం అవతలనుంచి అత్తగారు గుసగుసలాడింది. చేతిలో టీ గ్లాసుంది. మొహం నిండా దాచుకోలేని సంబరం. గ్లాసు పట్టుకున్న వేళ్ళ గోళ్ళలో నల్లటి గీతలు.

కోడలి గంతు లోపలే ఆగిపోయింది.

"మీరా అత్తయ్యా?"

"గట్టిగా అనకు. మీరంతా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వేశాను. మోకాలు నొప్పన్నానే, అది ఉత్తిదే." అత్తగారు గుమ్మంలో నిలబడే మాట్లాడుతోంది. "వాడి మిషనేమో తళతళలాడిపోతోంది. మీ మావయ్య రాళ్ళేమో చీడపట్టినట్టున్నాయి. ఆ మేనేజరమ్మ దాన్నీ వీటినీ పక్కపక్కన చూస్తే ఆయన పరువేం కావాలి? అటక మీద పాత డబ్బా ఒకటుంటే తీసి మూడు పూతలు వేశాను. కట్టు విప్పాక ఆయనే చూసుకుని, ఎవరు చేశారివి అని అడగాలి. అప్పుడు చెబుదామని."

"మీరు షెడ్డులోకి వచ్చారా?"

"వచ్చాను. ఎవరూ లేరుగా," అంది అత్తగారు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఆ ఒక్క మాట వెనకున్నదంతా కోడలికి తెలుసు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు ఒక తూకం రాయి పట్టుకుని గోడకి మేకు కొట్టింది. మేస్త్రి పనివాళ్ళందరి ముందూ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆయన ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు. ఆ రోజునుంచీ టీ గ్లాసు గుమ్మం మీదే పెడుతుంది. గడప దాటి షెడ్డులోకి అడుగుపెట్టలేదు.

అలాంటి మనిషి గడప దాటింది, ఆయన పరువు కోసం.

"అత్తయ్యా," అంది కోడలు మాటలు వెతుక్కుంటూ, "రంగు బరువు కూడా బరువే."

అత్తగారికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నవ్వు పోయింది.

"అయితే ముక్కు దిగనిది..."

"దీనివల్లే."

"నా వల్ల! అయ్యో, పొద్దున్నుంచీ నిన్ను అంటున్నారే ఆయన!" అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పుడేం చేస్తాం? గీకేద్దామా?"

గేటు దగ్గర కారాగిన చప్పుడైంది. వరండాలో భర్త "రండి రండి" అంటున్నాడు.

"టైము లేదు అత్తయ్యా."

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించింది. "అక్కడేదో మర ఉంటుందిగా, ముక్కుని పైకీ కిందికీ జరిపేది. దాన్ని కొంచెం తిప్పేస్తే సరిపోదూ? ఎవరికీ తెలియదు. ఆయన నెగ్గుతారు. నువ్వూ నెగ్గుతావు. నాకూ..."

స్క్రూడ్రైవరు కోడలి చేతిలోనే ఉంది. తిప్పితే చాలు, ముక్కు దిగుతుంది. షెడ్డు నిలబడుతుంది. అత్తగారి గుట్టు దాగుతుంది. తన పేరు నిలబడుతుంది. భర్త కాటాకి కూడా అవమానం లేదు, రెండూ ఒకే మాట చెబుతాయి. అందరికీ అన్నీ దక్కుతాయి.

మరకి ఆనించింది కూడా. ఆ నీలం రంగు కాటా ఆమెకేసి అమాయకంగా చూస్తున్నట్టనిపించింది. ఇన్నాళ్ళూ తుప్పులోంచి లాగి, తోమి, నిజం చెప్పడం నేర్పించింది. ఇప్పుడు మొదటి పరీక్షలోనే అబద్ధం చెప్పమనడానికి ఆమెకి చేతులు రాలేదు. స్క్రూడ్రైవరు జేబులో వేసేసుకుంది.

"మీ పేరు బయటికి రాదు అత్తయ్యా. నేనే వేశానంటాను. ఇప్పటికే చెయ్యి తొందరపడిందన్నారుగా, ఇదీ ఆ ఖాతాలోనే పోతుంది."

అత్తగారు టీ గ్లాసు గుమ్మం మీద పెట్టడం కూడా మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడింది.

*

సబ్బుల మేనేజరమ్మ మనిషి రాకముందే వాసన వస్తుంది. నిమ్మ సబ్బో, చందనం సబ్బో, ఆ రోజు ఫ్యాక్టరీలో ఏది పోస్తే అది. ఇవాళ నిమ్మ. నవ్వితే షెడ్డంతా మోగుతుంది. ఆవిడ వరండాలో కొత్త కాటా చూసి "అబ్బో" అంది, షెడ్డులో నీలం కాటా చూసి "ఇది మాదేనా? మా మూలన కుక్క పడుకునేదే, ఆ కాటా?" అని చుట్టూ తిరిగింది.

"అదే. కుక్క జాడలు మాత్రం తీసేశాం," అన్నాడు మేస్త్రి.

రాళ్ళు ముందు కొత్త కాటా మీదికి ఎక్కాయి. ఎర్ర అంకెలు ఐదొందల దగ్గర టక్కున నిలిచాయి. భర్త చేతులు కట్టుకుని, నవ్వు దాచుకోవడానికి పైకప్పుకేసి చూశాడు. తరవాత రాళ్ళు ఒక్కొక్కటే షెడ్డులోకొచ్చి నీలం కాటా మీద కూర్చున్నాయి. కోడలు గుండు ఐదొందల గీత మీద పెట్టింది.

ముక్కు పైకి లేచింది.

మేనేజరమ్మ వంగి చూసింది. "కిలో తేడా ఉన్నట్టుందే?"

"ఎక్కడుంది ముక్కు?" అని అడిగాడు మేస్త్రి, తెలిసి కూడా.

"పైనే, మావయ్యగారూ."

ఆయన తల ఆడించాడు. చెయ్యి మెల్లిగా జేబులోకి పోయింది. తాళంచెవుల గుత్తి గలగలమంది. ఆ చప్పుడుకి కొడుకు పైకప్పు మీదినుంచి చూపు దించాడు. గెలిచినవాడి మొహంలా లేదు అతనిది.

"మావయ్యగారూ, ఆగండి," అంది కోడలు. "కాటా సరిగ్గానే ఉంది. రాళ్ళు సరిగ్గా లేవు. మొన్న నేను వాటికి..."

"ఆ పిల్ల కాదు. నేను."

అందరూ తలలు తిప్పారు. అత్తగారు గడప ఇవతల నిలబడి ఉంది. చల్లారిపోయిన టీ గ్లాసు రెండు చేతుల్తోనూ గట్టిగా పట్టుకుంది.

"రాళ్ళకి రంగు వేసింది నేను. అదేమో తన మీద వేసుకోబోతోంది. నాకు అలాంటి సాయాలక్కర్లేదు. మూడు పూతలు వేశాను. నల్లరంగు. దానికి కూడా బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు."

మేస్త్రి మొహం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. తూకం రాళ్ళ జోలికి ఎవరైనా వెళితే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నీ గొంతు దగ్గరగా వినిపిస్తోంది," అన్నాడు మేస్త్రి. "ఎక్కడ నిలబడ్డావు?"

"షెడ్డులో."

"లోపలా?"

"లోపలే."

మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతు మారిపోయింది. "అయితే నా మీద కోపం పోయిందా?"

"పోలేదు," అంది అత్తగారు. "రంగు మాత్రం వేశాను."

ముందు నవ్వింది మేనేజరమ్మ. ఆ నవ్వుకి గోడకి తగిలించిన రెంచీలు మోగాయి. మేస్త్రి ఎంత ఆపుకున్నా ఆగక, కట్టు కింద కన్ను తడవకూడదన్న డాక్టరు మాట తలుచుకుని, మొహం పైకెత్తి నవ్వాడు. కోడలు మాత్రం నవ్వలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి కాటా వైపు తిరిగింది.

"నవ్వులు సరే," అంది మేనేజరమ్మ కళ్ళు తుడుచుకుని. "రాళ్ళదే తప్పని ఎలా నమ్మను? మాటలు తూచడానికి రాలేదు నేను."

"నిజమే. ఏమే, పెద్దమ్మాయిని పిలుచుకు రా," అన్నాడు మేస్త్రి భార్యతో.

ఆ దంపతులకి కొడుకు ఒక్కడే. పెద్దమ్మాయంటే ఇరవై కిలోల ఇత్తడి రాయి. ఏటా పరీక్షకి వెళ్ళి వచ్చి, మెత్తటి గుడ్డలో చుట్టుకుని, చెక్కపెట్టెలో అత్తగారి అలమరలో పడుకుంటుంది. మిగతా రాళ్ళ మీద అనుమానమొస్తేనే బయటికి వస్తుంది. "నాకు దుప్పటి చిరిగిందంటే వినిపించదు గానీ దానికి మాత్రం కొత్త గుడ్డ కొంటారు" అని అత్తగారు ఎప్పుడూ దెప్పుతూ ఉంటుంది. తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది.

పెట్టె మొయ్యడానికి తల్లి వెనకే కొడుకు వెళ్ళాడు. ఎవరూ అడక్కుండానే వెళ్ళాడు.

దూలానికి వేలాడే పెద్ద త్రాసులో ఒక పక్క పెద్దమ్మాయి కూర్చుంది. రెండో పక్క రంగు పూసుకున్న రాయిని పెట్టారు. రంగు రాయి ఉన్న పళ్ళెం కిందికి వాలింది. ఎక్కువ కాదు, కొంచెమే. మేనేజరమ్మ అటూ ఇటూ చూసి, చేతిసంచీలోంచి చిన్న నమూనా సబ్బు ఒకటి తీసి పెద్దమ్మాయి పక్కన పెట్టింది. పళ్ళేలు రెండూ ఒక్క మట్టానికి వచ్చి ఆగాయి.

"నలభై గ్రాముల సబ్బు," అంది ఆవిడ నమ్మలేనట్టు. "రాయికొకటి. ఇరవై ఐదు రాళ్ళకి... సరిగ్గా కిలో!"

మేస్త్రి చెయ్యి చాపి గాలిలో తడుముతుంటే కోడలు ఆ చెయ్యి అందుకుంది. ఆయన ఆమె వేళ్ళు గట్టిగా నొక్కాడు.

"నీ చెయ్యి తొందరపడలేదు. నా నోరే తొందరపడిందమ్మా."

ఇప్పుడిక ఏడుపు దాచుకోవడం కుదరలేదు ఆమెకి. దాచుకోవాలని అనుకోనూ లేదు.

"అంటే ఆ కొత్తదాన్ని నమ్ముకుని ఉంటే," మేనేజరమ్మ వరండా వైపు వేలు చూపించింది, "లోడు లోడుకీ ఇరవై ఐదు సబ్బులు ఊరికే పంచిపెట్టేదాన్ని!"

"దాని తప్పు లేదండీ," అన్నాడు భర్త. చెవులు ఎర్రబడ్డాయి. "అది నేర్పింది నేర్చుకుంది. నేర్పినవాడిది తప్పు. రాళ్ళు చూసుకోకుండా నేర్పాను." అని, గోడకేసి కాకుండా, తల్లికేసి కాకుండా, తిన్నగా భార్యకేసి చూశాడు. "నువ్వెలా కనిపెట్టావు?"

వారం తరవాత వచ్చిన మొదటి మాట. తల్లి మీదుగా రాకుండా నేరుగా వచ్చింది.

"రాళ్ళు రెండు అతుక్కుపోయాయండీ. విడదీస్తే తెలిసింది," అంది కోడలు.

"ఓహో," అన్నాడతను. ఇంకా ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

మేనేజరమ్మ నీలం కాటాని వీపు తట్టినట్టు తట్టింది. "మేస్త్రిగారూ, మాట ప్రకారం మావన్నీ మీకే. రేపు పొద్దున్నే పంపించేస్తాను. మూలన ఉంచుకోవడానికి మాకూ చోటు లేదు. షెడ్డు ఖాళీయేగా?"

"ఖాళీయే!" అన్నాడు మేస్త్రి. ఛాతీ ఉబ్బింది. తాళంచెవుల గుత్తి మళ్ళీ జేబులోకి జారింది. "ఈ గోడనుంచి ఆ గోడదాకా ఖాళీయే. ఎన్నున్నా పంపండి."

భర్త మొహంలో రక్తం చుక్క లేదు. కోడలు అతన్నే చూస్తోంది. గెలిచినప్పుడు గెలిచినట్టు లేడు, ఓడిపోయినప్పుడు ఓడిపోయినట్టూ లేడు. ఇదేదో వేరే. మెల్లిగా పక్కకి వెళ్ళి నిలబడింది.

"ఏమైందండీ?"

"నెగ్గుతాననుకున్నాను," అన్నాడతను పెదవులు కదలకుండా. "నూటికి నూరుపాళ్ళు అనుకున్నాను. అందుకని ముందే..."

గేటు అవతల హారన్ మోగింది. కారు హారన్ కాదు. ఇంటి కిటికీలు గడగడలాడించే లారీ హారన్. డ్రైవరు గొంతు లోపలిదాకా వినిపించింది.

"కొత్త కాటాలండీ! లోడంతా ఈ అడ్రసే! షెడ్డులో దించమన్నారు!"

టీ గ్లాసు అందుకోబోయిన మేస్త్రి చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఏమిటంటున్నాడు వాడు? ఎవరి షెడ్డు? ఎవరు దించమన్నారు?"

మేనేజరమ్మ కోడలికేసి చూసింది. కోడలు భర్తకేసి చూసింది. భర్త నేలకేసి చూశాడు.

"అడుగుతుంటే మాట్లాడరేం? కనపడక అడుగుతున్నాను, ఎవరైనా చెప్పండి!"

అత్తగారు అడుగు ముందుకేసింది. గోళ్ళలో నల్లరంగున్న చేత్తో కొడుకు మోచెయ్యి పట్టుకుని, కళ్ళు కనిపించని తండ్రి ఎదురుగా తీసుకొచ్చి నిలబెట్టింది.

"నేను చెప్పేశాను," అంది. "ఇప్పుడు నువ్వు చెప్పు."